ఇల్లు గుత్తకిచ్చే ముందు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి, పిట్టలవానిపాలెం)

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. పెళ్ళి సంగతి ఈ వ్యాసకర్తకు ఇంకా అనుభవంలోకి రాలేదు. ఇల్లు కట్టడం మాత్రం మా పిట్టలవానిపాలెం వైపు నాలుగైదు చోట్ల దగ్గరుండి చూశాను. అందులో ఒకటి రెండు ఇళ్ళు సగంలో ఆగి, పిల్లర్ల మీద ఊచలు తుప్పు పట్టడం కూడా చూశాను. మన కళాశాలలో చదివే వాళ్ళలో చాలామందిమి వ్యవసాయ కుటుంబాల వాళ్ళమే. అయిదారేళ్ళ పంట మిగులు, కొంత బ్యాంకు అప్పు కలిపి మన నాన్నలు జీవితంలో ఒక్కసారి ఇల్లు మొదలుపెడతారు. ఆ రోజు "చదువుకున్నవాడివి కదరా, ఈ కాగితం ఏందో చూడు" అని మన చేతికే ఇస్తారు. సివిల్ ఇంజనీరింగు చదివినవాడైతే ఏదో చెబుతాడు. కెమిస్ట్రీ, ఫిజిక్సు చదివే మనం ఏం చెప్పాలి? చాలానే చెప్పవచ్చునని నా నమ్మకం.

మనకు ఒప్పందం అనేది కొత్తది కాదు. కాంట్రాక్టరును పత్రికలు "గుత్తేదారు" అంటాయి. గుత్త మన పొలాల మాటే. ఊడ్పులు ఎకరానికి ఇంత అని ముఠాకు గుత్తకిస్తాం. ఏ కాగితమూ రాసుకోం. గట్టు మీద నిలబడితే కుదురుకూ కుదురుకూ మధ్య ఎడం కంటికి కనిపిస్తుంది. దూరంగా నాటితే "ఏమ్మా, దగ్గరగా వెయ్యండి" అని అక్కడే చెప్పుకుంటాం. సాయంత్రానికి పని తేలుతుంది, డబ్బు చేతిలో పడుతుంది. ఈ గుత్తలో మోసానికి చోటు తక్కువ, ఎందుకంటే పనంతా పైకి కనిపిస్తూనే ఉంటుంది.

ఇల్లు అట్లా కాదు. పునాది మట్టి కిందికి పోతుంది. ఇనుము కాంక్రీటులో మునుగుతుంది. ఇటుకల మధ్య సందులు ప్లాస్టరింగు కిందికి, కరెంటు పైపులు గోడలోకి పోతాయి. పని నెలల తరబడి సాగుతుంది, డబ్బు విడతలుగా ఇస్తాం, చేసిన పని మాత్రం వారం తిరిగేసరికి కంటికి కనిపించకుండా పోతుంది. పొలం గట్టు మీద పనికొచ్చిన నమ్మకం ఇక్కడ చాలదు. కాగితం అవసరం ఇక్కడే వస్తుంది.

కానీ కాగితం అనగానే ఇద్దరికీ మొహమాటం. మేస్త్రి "మన మధ్య కాగితాలేంటి బాబాయ్, నేనేమన్నా పరాయివాణ్ణా?" అంటాడు. ఆసామి కూడా అడిగితే అవమానించినట్లవుతుందేమోనని ఊరుకుంటాడు. నేను చూసినంతలో తగాదాలన్నీ ఒకరు దొంగ కాబట్టి వచ్చినవి కావు. మాట్లాడుకున్నప్పుడు ఒకరు ఒకటి అనుకోవడం, రెండోవారు మరొకటి అనుకోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. కాగితం రాయడం అనుమానించడం కాదు, ఆరు నెలల తర్వాత ఇద్దరికీ ఒకే సంగతి గుర్తుండేట్లు చేసుకోవడం.

చట్టం సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. మన దేశంలో ఒప్పందాలకు ఆధారం 1872 నాటి భారత ఒప్పందాల చట్టం. నోటి మాట కూడా ఒప్పందమే. పద్ధెనిమిదేళ్ళు నిండి, మతిస్థిమితం ఉన్నవాళ్ళు ఇష్టపూర్వకంగా, న్యాయమైన పనికి, ప్రతిఫలం మాట్లాడుకుని ఒప్పుకుంటే చాలు (ఆ లెక్కన ఇరవై ఏళ్ళ నేను కూడా సంతకం పెట్టవచ్చు, పెట్టనిచ్చేవారు లేరు గాని). చిక్కంతా రుజువు చేయడంలో వస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. షరతులన్నీ కాగితం మీద పెట్టుకున్న తర్వాత, దానికి విరుద్ధంగా "అప్పుడు నోటితో ఇట్లా కూడా అనుకున్నాం" అంటే కోర్టు సాధారణంగా ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమమే 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. కనుక అరకొరగా రాసిన కాగితం ఒక్కోసారి అసలు లేని కాగితం కంటే చెరుపు చేస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. మన వైపు ఇల్లు కట్టించే పద్ధతులు ముఖ్యంగా మూడు. రోజు కూలికి పెట్టుకోవడం ఒకటి. సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక ఆసామి కొనిపెడితే, పనికి మాత్రం చదరపు అడుగుకింత అని తీసుకునే లేబరు కాంట్రాక్టు రెండోది. సామానుతో సహా మొత్తం అప్పగించి, తాళం చెవి చేతికి తీసుకునేది మూడోది. వీటిలో ఏది మంచిదని చాలామంది అడుగుతారు. అంతకంటే అవసరమైన ప్రశ్న ఇంకొకటుంది: దేంట్లో ఎవరికి ఎక్కడ మిగులుతుంది?

రోజు కూలిలో పని సాగితే కూలివాళ్ళకు మిగులుతుంది. లేబరు కాంట్రాక్టులో సామాను ఆసామిది కాబట్టి సిమెంటు తగ్గిస్తే మేస్త్రికి ఒరిగేదేమీ లేదు, పని తొందరగా తెమిలితేనే లాభం. అందుకని కాంక్రీటు జారుగా ఉండాలని నీళ్ళు ఎక్కువ పోయడం, కూరిక సరిగ్గా చేయకపోవడం, సెంట్రింగు పలకలు ఇంకో ఇంటికి కావాలని ముందే ఊడదీయడం వంటివి ఇక్కడ చూసుకోవాలి. సామానుతో సహా ఇచ్చినప్పుడు ప్రతి సిమెంటు బస్తా, ప్రతి కిలో ఇనుము కాంట్రాక్టరు జేబులోంచే పోతుంది. అక్కడ కొలత, నాణ్యత చూసుకోవాలి. మన వాళ్ళు లేబరు కాంట్రాక్టుకిచ్చి బస్తాలు లెక్కపెడుతూ కూర్చుంటారు, నీళ్ళ బకెట్టును మాత్రం పట్టించుకోరు.

చదరపు అడుగుల ధర అనేది ఎంత పాతదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. క్రీస్తు పూర్వం 18వ శతాబ్దంలో బాబిలోనియాను ఏలిన హమ్మురాబి శాసనంలో, ఇల్లు కట్టినవాడికి ఒక్కో 'సార్' విస్తీర్ణానికి రెండు షెకెళ్ళ వెండి ఇవ్వాలని ఉంది. గోడ ఒరిగితే కట్టినవాడే తన సొమ్ముతో బాగుచేయాలనీ ఉంది. ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రికి మరణదండన అని కూడా ఉంది, అంత దూరం మనకు అక్కర్లేదు. విస్తీర్ణాన్ని బట్టి కూలి ఇవ్వడం మూడున్నర వేల ఏళ్ళకు పైబడ్డ ఆచారం అన్నమాట.

మరి ఏ విస్తీర్ణం? గొడవ ఇక్కడే మొదలవుతుంది. బయటి గోడల కొలత 40 అడుగులు, 25 అడుగులు అనుకుందాం. అది 1000 చదరపు అడుగులు. అదే ఇంటికి శ్లాబు చుట్టూ రెండేసి అడుగులు బయటికి వస్తే 44 ఇంటూ 29, అంటే 1276 చదరపు అడుగులు. లెక్క కోసం కూలి అడుగుకు 300 రూపాయలు అనుకుంటే తేడా 82,800 రూపాయలు. ఆసామి గోడల కొలతే మనసులో పెట్టుకుంటాడు, మేస్త్రి శ్లాబు కొలత పెట్టుకుంటాడు. ఇద్దరూ "అడుగుకు మూడు వందలు" అనే అన్నారు, ఇద్దరూ నిజమే చెప్పారు! ఇక మెట్లు, సన్‌షేడ్లు, పిట్టగోడ, నీళ్ళ తొట్టి, సెప్టిక్ ట్యాంకు, మెరక తోలి తడిపి దిమ్మిస కొట్టడం... ఇవి ఆ మూడు వందల్లో ఉన్నాయా, విడిగా ఉన్నాయా అన్నది ఒక్కొక్కటిగా పేరు పెట్టి రాయకపోతే గృహప్రవేశం ముందు రోజు తేలుతుంది. ఆ రోజు ఆసామి గొంతు పెగలదు, చుట్టాలు వచ్చి ఉంటారు కదా!

శ్లాబు గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇది మన చదువు నేరుగా పనికొచ్చే చోటు.

అదే వెయ్యి చదరపు అడుగుల శ్లాబు అయిదు అంగుళాల మందం వేస్తే సుమారు 416 ఘనపుటడుగులు, అంటే 11.8 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ళు (దీన్నే ఎం-20 అంటారు) కలిపితే ఘనపు మీటరుకు దాదాపు ఎనిమిది బస్తాల సిమెంటు, మొత్తం 95 బస్తాలు పడుతుంది. ఒకటికి రెండు, నాలుగు పాళ్ళు కలిపితే 75 బస్తాలతో సరిపోతుంది. చూడటానికి రెండు శ్లాబులూ ఒకటే రంగు! భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో సవరించిన ఐ.ఎస్. 456 ప్రకారం ఇనుము వేసే కాంక్రీటు ఎం-20కి తగ్గకూడదు. సముద్రపు గాలి తగిలే ప్రాంతాలకు ఇంకా పై గ్రేడు కావాలని కూడా అందులో ఉంది. మందం అయిదు అంగుళాలకు బదులు నాలుగు వేస్తే మరో 83 ఘనపుటడుగుల కాంక్రీటు తగ్గుతుంది. "మంచి శ్లాబు వేయవలెను" అని రాసుకున్న కాగితం ఇక్కడ ఎందుకూ కొరగాదు. మందం ఎన్ని అంగుళాలు, పాళ్ళు ఎంతెంత, సిమెంటు ఏ రకం అన్నది అంకెల్లో ఉండాలి.

ఇనుము లెక్క ఇంకా తేలిక. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7850 కిలోలు. కడ్డీ అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే, వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు బరువు కిలోల్లో వస్తుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ మీటరు 0.395 కిలో, 12 మిల్లీమీటర్లది 0.889 కిలో. కొట్టువాడి బిల్లు దీనితో సరిచూసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం ఎడం. నలభై అడుగుల పొడవున ఆరంగుళాలకొక కడ్డీ పరిస్తే 81 పడతాయి. ఎనిమిది అంగుళాలకొకటి అయితే 61. ఇరవై కడ్డీలు, ఒక్కొక్కటి 25 అడుగులు, 8 మిల్లీమీటర్లవైతే అరవై కిలోల ఇనుము మాయం. ఎన్ని అంగుళాలకు ఒకటి ఉండాలో ఇంజనీరు గీసిన డ్రాయింగులో ఉంటుంది, అది మనం ఊహించే విషయం కాదు. ఆ డ్రాయింగును ఒప్పందానికి జతపరచి దాని మీద కూడా ఇద్దరూ సంతకాలు చేయాలి. "ఆసామి గాని, ఇంజనీరు గాని చూసి సరేనన్న తర్వాతనే కాంక్రీటు పోయవలెను" అన్న ఒక్క వాక్యం రాయించండి. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం టేపు పట్టుకుని శ్లాబు ఎక్కడానికి అరగంట చాలు. ఫొటోలు తీసి పెట్టుకుంటే మరీ మంచిది.

ఇక నీళ్ళు. మన తీర ప్రాంతంలో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయని వేరే చెప్పాలా? ఉప్పులోని క్లోరైడు ఇనుమును కాంక్రీటు లోపలే తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటరాదని పైన చెప్పిన ప్రమాణమే చెబుతోంది. మనం ప్రాక్టికల్స్‌లో చేసే మోర్ టైట్రేషన్ గుర్తుందా? ఇరవై మిల్లీలీటర్ల బోరు నీళ్ళకు పొటాషియం క్రోమేట్ చుక్కలు వేసి, ఎన్/50 సిల్వర్ నైట్రేట్ పోస్తూ పోతే, 14 మిల్లీలీటర్లు దాటిన తర్వాత గాని ఇటుక రంగు రాకపోతే ఆ నీళ్ళు శ్లాబుకు పనికిరావు. నీళ్ళు ఎక్కడివి తెస్తారు, ట్యాంకరు ఖర్చు ఎవరిది అన్నది కూడా ఒప్పందంలో ఉండవలసిన విషయమే. పరిమాణం సంగతీ అంతే. నీళ్ళు సిమెంటు బరువులో 0.55 వంతు మించరాదంటే యాభై కిలోల బస్తాకు 27.5 లీటర్లు. ఇసుకలో ఉన్న తడి కూడా ఇందులోనే.

శ్లాబు పోసిన తర్వాత తడపడం ఎవరి పని? దీనంత చిన్న విషయం, దీనంత పెద్ద తగవు ఇంకొకటి లేదు. మేస్త్రి "పోయడం వరకే నాది" అంటాడు. ఆసామి "శ్లాబు వేసినవాడే తడపాలి" అంటాడు. మధ్యన శ్లాబు ఎండుతుంది. మడి కట్టి నీళ్ళు నిలబెట్టడం రైతుకు ఒకరు నేర్పవలసిన పని కాదు. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఎండ తీవ్రంగా ఉన్నా, బూడిద కలిసిన సిమెంటు అయినా పది రోజులకు తగ్గకుండా తడి ఆరకూడదు. కింది పోట్లు నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబుకు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు తీయరాదు. ఈ రోజుల లెక్క, తడిపేవాడి పేరు కాగితం మీద ఉంటే చాలు.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి అన్న ప్రశ్నకు ప్రభుత్వం చేసే పనే పాఠం. 1979లో ఏర్పడిన మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పేదల ఇళ్ళకు సొమ్ము ఒకేసారి ఇవ్వదు. బేస్‌మెంటు అయ్యాక కొంత, గోడలు కప్పు మట్టానికి వచ్చాక కొంత, శ్లాబు పడ్డాక కొంత, పూర్తయ్యాక మిగిలింది. పని ముందు, పైకం వెనుక. మన ఇళ్ళ దగ్గర తలకిందులుగా జరుగుతుంది. మా వైపు ఒక ఆసామి పంట డబ్బు చేతిలో ఉందని, మేస్త్రి "కుర్రాళ్ళకు అడ్వాన్సులివ్వాలి" అన్నాడని, గోడలు సగం లేవక ముందే ముప్పాతిక వంతు కూలి ఇచ్చేశాడు. ఆ మేస్త్రి చెడ్డవాడేం కాదు. ఆ డబ్బుతో వెనకటి ఇంటి అప్పు తీర్చుకున్నాడు. ఈ ఇంటికి కూలీలను పిలవడానికి మళ్ళీ డబ్బు కావాలి, అది మూడో ఇంటి అడ్వాన్సులోంచి రావాలి. అలా ఒక ఇంటి డబ్బు ఇంకో ఇంట్లోకి పోయి, చివరి ఆసామి ఇల్లు ఆగింది. కాబట్టి చిన్న అడ్వాన్సు తప్ప మిగతా సొమ్ము పని అయినంత వరకే ఇవ్వాలి. చివర నూటికి అయిదో పదో ఆపుకుని, ఒక వానాకాలం గడిచి కారడం లేదని తేలాక ఇస్తామని ముందే రాసుకోవాలి. ముందు రాయకుండా చివర్లో ఆపుకోవడం మాత్రం అన్యాయం.

ప్రభుత్వ పనుల్లో ఇంజనీర్లు ప్రతి కొలతనూ ఎం-బుక్ అనే పుస్తకంలో రాస్తారు. దాన్ని బట్టే బిల్లు అవుతుంది. మనకు ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, అయిన పని, ఇచ్చిన పైకం, పక్కన మేస్త్రి సంతకం. పాల లెక్క రాసుకునే ఇళ్ళలో ఇది రాసుకోలేమా?

ఇంతవరకు ఆసామి తరఫున చెప్పినట్లుంది. మేస్త్రి నష్టపోయే చోటు కూడా ఉంది, అది అదనపు పని. "ఇక్కడో గూడు పెట్టు మేస్త్రీ", "ఆ కిటికీ అటు జరుపు", "పైన ఇంకో రెండు వరసలు లేపు" అని ఆసామి గారు, అమ్మగారు, ఊరినుంచి వచ్చిన బావగారు తలా ఒకటి చెబుతారు. చేసిన గోడ పగలగొట్టి మళ్ళీ కట్టిన కూలి ఎవరిస్తారు? చివర్లో అడిగితే "అప్పుడు చెప్పలేదే" అంటారు. ఒప్పందాల చట్టం 70వ సెక్షను ఇక్కడ మేస్త్రికి అండ. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా న్యాయంగా చేసిన పని ఫలాన్ని అవతలివాడు అనుభవిస్తే, దానికి ప్రతిఫలం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బి.కె. మండల్ అండ్ సన్స్ అనే కాంట్రాక్టర్లకూ మధ్య నడిచిన కేసులో, సక్రమమైన ఒప్పందం లేకపోయినా కట్టించుకుని వాడుకున్న కట్టడాలకు ప్రభుత్వం డబ్బు చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు 1961లో తీర్పు చెప్పింది. ప్రభుత్వానికే తప్పనిది మనకు తప్పుతుందా? కనుక మార్పు చెప్పిన రోజునే ఆ నోటు పుస్తకంలో ధర రాసుకోవడం ఇద్దరికీ క్షేమం. మార్పు చెప్పే అధికారం ఇంట్లో ఒక్కరికే ఉండాలన్నది నా సలహా. ఎవరికన్నది ఆయా ఇళ్ళలో తేల్చుకోవలసిన విషయం!

ఆలస్యం గురించి. గడువు తప్పితే రోజుకు ఇంత జరిమానా అని రాసుకుంటారు. 74వ సెక్షను ప్రకారం కోర్టు ఆ అంకెను గుడ్డిగా ఇప్పించదు. ఆ అంకెకు మించకుండా, సమంజసమైనంత వరకే ఇప్పిస్తుంది. ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు 1963లో చెప్పింది ఇదే. రోజుకు అయిదు వేలని బెదిరింపుగా రాసుకోవడం కన్నా, ఆలస్యమైతే మనం కట్టే అద్దె ఎంతో చూసి ఆ మేరకు రాయడం మేలు. తుపానుల మాట మరువరాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథలు మన తాతలు చెబుతూనే ఉంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజులు గడువులోంచి తీసివేయాలని, తడిసిన సిమెంటు నష్టం ఎవరిదో అన్నది ముందే తేల్చుకోవాలి. మన వైపు నవంబరు, డిసెంబరుల్లో శ్లాబు పెట్టుకునేవాళ్ళకు ఇది మరీ అవసరం.

అంతా చేసినా తగాదా వస్తే? అపార్టుమెంట్ల కోసం వచ్చిన 2016 నాటి రెరా చట్టం మన సొంత స్థలంలో మేస్త్రితో కట్టించుకునే ఇంటికి పనికిరాదు. వినియోగదారుల చట్టం పనికొస్తుంది. ఇల్లు కట్టడం కూడా 'సేవ' కిందికే వస్తుందని లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పటి 2019 చట్టంలో కూడా ఇళ్ళ నిర్మాణం సేవల జాబితాలో పేరుతో సహా ఉంది. చెల్లించిన సొమ్ము యాభై లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కు, వివాదం పుట్టిన రెండేళ్ళ లోపు వెళ్ళాలి. మేస్త్రికి కూలి రాకపోతే సివిల్ కోర్టులో దావాకు మూడేళ్ళ గడువుంది. కానీ కోర్టుల దాకా పోయేవాళ్ళు ఎందరు? ఊళ్ళో నలుగురు పెద్దమనుషుల ముందు కూర్చున్నా ముందు అడిగేది "కాగితం ఉందా?" అనే.

రాయడం ఎలాగంటే, వంద రూపాయల స్టాంపు కాగితం మీద తెలుగులోనే రాయండి. అర్థం కాని ఇంగ్లీషు నమూనా కంటే మన మాటల్లో ఉన్న రెండు పేజీలు మేలు. డ్రాయింగు జతపరచండి. పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరు పెట్టాలో కూడా చేర్చండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. సాక్షులు ఇద్దరు, ఒకరు ఆసామి తరఫు, ఒకరు మేస్త్రి తరఫు. చదువురాని మేస్త్రి అయితే ప్రతి వాక్యమూ అతనికి నిదానంగా చదివి వినిపించి, అడిగినదానికి జవాబు చెప్పి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకోవాలి. రెండు ప్రతులు తీయించి రెండిటి మీదా సంతకాలు చేయించి, ఒకటి అతని చేతికి ఇవ్వాలి. మన వైపు చాలా చోట్ల ఉన్న ఒక్క కాగితమూ ఆసామి బీరువాలోనే ఉంటోంది.